రికార్డు బటన్ ఎవరి చేతిలో?

రెండేళ్ల క్రితం ఒక తెలుగు సీరియల్ మీద వ్యాసం రాశాను. అత్త నలుగురి ముందూ నిందలు వేస్తుంటే కోడలు ఒక్క మాటా మాట్లాడదనీ, ఆ మౌనాన్నే సీరియల్ సుగుణంగా చూపిస్తోందనీ నా వాదన. వ్యాసం అచ్చయిన నెలకి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. "మేడం, ఆ పిల్ల మాట్లాడింది. మీరు వినలేదు." అంతే, ఇంకేమీ లేదు.

జవాబు రాద్దామని కూచున్నాను. కానీ ఏం చూసుకుని రాయను? ఆ ఎపిసోడ్ నా దగ్గర లేదు. చానల్ వాళ్ల యాప్‌లో వెతికితే ఆ సీరియల్‌నే తీసేశారు. నేను రాసింది నిజమో కాదో నాకే తెలియదన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

కథ మీదో నవల మీదో రాసేటప్పుడు పుస్తకం పక్కన పెట్టుకుంటాం. అనుమానం వస్తే పేజీ తిప్పి చూసుకుంటాం. సీరియళ్ల దగ్గరికొచ్చేసరికి జ్ఞాపకాన్నే పాఠంగా చేసుకుని తీర్పులు చెప్పేస్తున్నాం. అది కూడా వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ సగం చూసి, సగం విన్న జ్ఞాపకం. టీవీని ఇంట్లో రికార్డు చేసుకోవడం ఏదో మగపిల్లల సరదా అనుకుంటూ వచ్చిన నాకు, అది నా పనికి మొదటి అవసరమని ఇంత ఆలస్యంగా తట్టింది. ఎందుకింత ఆలస్యమైందో చెప్పాలంటే మా ఇంటి వీసీఆర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

1986లో మా అన్నయ్య దుబాయ్ నుంచి వస్తూ వీసీఆర్ తెచ్చాడు. అప్పటిదాకా మాకు తెలిసింది శని, ఆదివారాలు అద్దెకు తెచ్చుకునే వీసీపీ. వీసీపీ సినిమా చూపిస్తుందే గానీ రికార్డు చెయ్యలేదు. అన్నయ్య తెచ్చినదాంట్లో ఎర్ర చుక్క ఉన్న బటన్ ఒకటి ఉంది, టైమర్ ఉంది. ఆ రెండూ అన్నయ్యవే. కాసెట్ పెట్టడం, తియ్యడం, దుమ్ము తుడవడం, పైన కుట్టు అల్లిక గుడ్డ కప్పడం అమ్మవీ నావీ. ఏదన్నా రికార్డు కావాలంటే అన్నయ్యనే అడగాలి. ఆయన ఊళ్లో లేకపోతే ఆ కార్యక్రమం పోయినట్టే.

1996 ఫిబ్రవరిలో టీవీలో మద్యనిషేధం మీద ఒక చర్చకి నన్ను పిలిచారు. నాతోపాటు సారా వ్యతిరేక ఉద్యమంలో పనిచేసిన నెల్లూరు జిల్లా ఆవిడొకరు వచ్చారు. నేను పుస్తకాల్లో చదివింది మాట్లాడాను. ఆవిడ తన పాకలోంచి, తన కూలి డబ్బుల్లోంచి మాట్లాడారు. యాంకర్ రెండుసార్లు అడ్డం రాబోతే చేత్తో వారించి మరీ చెప్పుకుపోయారు. అన్నయ్య టైమర్ పెట్టి దాన్ని రికార్డు చేశాడు. నెల తిరిగేసరికి అదే కాసెట్ మీద ప్రపంచ కప్ క్రికెట్ మ్యాచ్ ఉంది. "ఖాళీ కాసెట్ అనుకున్నానే" అన్నాడు అన్నయ్య. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాడు. దానిమీద ఏముందో రాసిపెట్టాలని నాకూ తోచలేదు.

వీహెచ్ఎస్ కాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ కాసెట్ మీద మళ్లీ రికార్డు కాదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గోటితో విరిస్తే విరిగే ముక్క. పదేళ్లు ఆ కాసెట్లని తుడిచి బీరువాలో సర్దినదాన్ని, ఆ ముక్క ఎందుకుందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఎందుకడగలేదో ఆన్ గ్రే పుస్తకం చదివాక కొంత అర్థమైంది. 'వీడియో ప్లేటైమ్' పేరుతో 1992లో వచ్చిన ఆ పుస్తకం ఇంగ్లండులో వెస్ట్ యార్క్‌షైర్ ప్రాంతపు స్త్రీలతో ఆమె జరిపిన సంభాషణల మీద ఆధారపడింది. ఇంట్లో ఉన్న యంత్రాలకి రంగులు వెయ్యమని ఆ స్త్రీలని అడుగుతుందామె. ఆడవాళ్లదైతే గులాబీ, మగవాళ్లదైతే నీలం. ఇస్త్రీపెట్టె గులాబీ అయింది, గోడకి రంధ్రం చేసే డ్రిల్లు నీలం అయింది. వీసీఆర్ దగ్గరికొచ్చేసరికి ఒకే యంత్రానికి రెండు రంగులు కావలసొచ్చాయి. ప్లే, రివైండ్ లాంటివి ఇద్దరివీ. టైమర్ మాత్రం నీలం. రిమోట్ మరీ చిక్కటి నీలం.

వాషింగ్ మెషీన్నీ కుట్టు మిషన్నీ అవలీలగా నడిపే స్త్రీలకి టైమర్ అర్థం కాకపోవడమేమిటి? ఇక్కడ గ్రే చెప్పే మాట నన్ను ఆపేసింది. కొందరు స్త్రీలు కావాలనే నేర్చుకోలేదట. నేర్చుకుంటే అది కూడా తమ నెత్తినే పడుతుందని. దీన్నామె లెక్క వేసుకున్న అజ్ఞానం అంటుంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. "నాకవన్నీ రావమ్మా" అని నేనెన్నిసార్లు అనలేదు! ఇంటిచాకిరీలో మరో చాకిరీ చేరకుండా అది నన్ను కాపాడిన మాట నిజం. కానీ ఆ లెక్కలో నేనొకటి మర్చిపోయాను. వంట రాదని తప్పించుకున్నవాడికి అన్నం ఎవరో ఒకరు పెడతారు. రికార్డు చెయ్యడం రాదని తప్పించుకున్న నాకు నెల్లూరావిడ మాటలు ఎవరూ తెచ్చివ్వరు. గ్రే వీసీఆర్‌ని ప్రధానంగా తీరిక సమయపు వస్తువుగానే చూసింది. చూడటం ఎవరి హక్కు అన్న ప్రశ్న దగ్గర ఆగింది. దాచడం ఎవరి హక్కు అన్న ప్రశ్న మనం అడగాలి.

ఆ ప్రశ్నని బతుకంతా మోసిన స్త్రీ మారియన్ స్టోక్స్. ఫిలడెల్ఫియాకి చెందిన నల్లజాతి స్త్రీ, లైబ్రేరియన్‌గా పనిచేసింది, పౌరహక్కుల ఉద్యమంలో ఉంది. 1979లో ఇరాన్ బందీల సంక్షోభం మొదలైనప్పటి నుంచి 2012 డిసెంబర్ 14న చనిపోయేదాకా టీవీ వార్తల్ని రాత్రీ పగలూ రికార్డు చేస్తూనే ఉంది. ఒకేసారి ఎనిమిది దాకా వీసీఆర్లు నడిచేవి. ఆరుగంటలకోసారి కాసెట్లు మార్చాలి. సుమారు 70,000 కాసెట్లు పోగయ్యాయి. ఆమె పోయాక అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకి చేరాయి.

2019లో మాట్ వుల్ఫ్ ఆమె మీద తీసిన 'రికార్డర్' డాక్యుమెంటరీ చూశాను. నాకు నచ్చిన సినిమానే. 2001 సెప్టెంబర్ 11 ఉదయం నాలుగు చానళ్లు ఏం చూపిస్తున్నాయో తెరని నాలుగు భాగాలు చేసి చూపించిన ఘట్టం ఒక్కటి చాలు, ఆమె చేసిన పని విలువ తెలియడానికి. మామూలు కార్యక్రమాలు ఒక్కో చానల్లో ఒక్కో క్షణాన తెగి వార్త లోపలికొస్తుంది. ఏ ఒక్క చానల్ తన సొంత భాండాగారంలోంచి ఈ పోలికని మనకివ్వలేదు.

అయినా ఒక పేచీ ఉంది. ఆమెని మనం ఎక్కువగా కొడుకు మాటల్లోంచి, ఇంట్లో పనిచేసినవాళ్ల మాటల్లోంచి చూస్తాం. ఎందుకింత పిచ్చి అన్న ప్రశ్న సినిమా పొడుగునా తచ్చాడుతూ ఉంటుంది. పాత కార్లు పోగేసిన మగవాణ్ని అభిరుచి ఉన్నవాడంటాం గానీ ఇలా అడుగుతామా? ఆమె సొంత గొంతు మనకి వినిపించేది 1960ల చివర్లో ఫిలడెల్ఫియా స్థానిక టీవీలో వచ్చిన 'ఇన్‌పుట్' అనే చర్చా కార్యక్రమపు పాత దృశ్యాల్లోనే. అవి మిగిలాయి కాబట్టి ఆ గొంతూ మిగిలింది.

అలాగని ఆమెని దేవతని చెయ్యక్కర్లేదు. కాసెట్ మార్చే వేళయిందని బయట భోజనాలు మధ్యలో ఆపి ఇంటికి పరిగెత్తేవాళ్లు. తర్వాత్తర్వాత ఆ మార్పిడి పని ఇంట్లో జీతానికి పనిచేసేవాళ్ల మీద కూడా పడింది. ఒక స్త్రీ దాచుకోవడం కోసం ఇంకో స్త్రీ ఆరుగంటలకోసారి లేవాలంటే, ఆ లెక్క కూడా మనం రాయాల్సిందే.

ఇంత చదివాక నాకు కావలసిందేమిటో తేలింది. కొంచెమే రికార్డు చెయ్యాలి, నా చేత్తో చెయ్యాలి, అది నా దగ్గరే ఉండాలి. ఈ మూడోదే కష్టమని దుకాణానికి వెళ్లాక తెలిసింది. డబ్బు కట్టి చూసే డిష్ కంపెనీల రికార్డింగ్ డబ్బాలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ అందులో రికార్డయింది మామూలుగా ఆ డబ్బాకే తాళం పడి ఉంటుంది. కంప్యూటర్లో పెడితే తెరుచుకోదు. డబ్బా పాడైతే మన రికార్డులూ పోయినట్టే. ఇది మళ్లీ వేరే రూపంలో వీసీపీయే కదా అనిపించింది.

మా అమ్మాయి సలహాతో రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. దూరదర్శన్ కోసం నెలవారీ చందా లేని ఉచిత డిష్, యూఎస్‌బీ రంధ్రం ఉన్న చిన్న సెట్‌టాప్ బాక్స్. యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు నొక్కితే మామూలు ఫైలుగా పడుతుంది. పెన్‌డ్రైవ్ పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, కార్యక్రమం ముక్కలవుతుంది. ఇక ప్రైవేటు చానళ్ల సీరియళ్ల కోసం పాత డబ్బా వెనకున్న పసుపు, ఎరుపు, తెలుపు తీగల్ని ఒక చిన్న కాప్చర్ పరికరానికి తగిలించి, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపాను. హెచ్‌డీఎంఐ తీగతో అయితే కాపీ రక్షణ అడ్డం పడి తెర నల్లగా ఉండిపోతుంది. పాత తీగలతో బొమ్మ కాస్త మసకగా వస్తుంది. నాకు చీరల జరీ అక్కర్లేదు, మాటలు కావాలి. సొంత వాడకానికీ, నిజాయితీగా చేసే బోధన, పరిశోధనలకీ ప్రసారాన్ని రికార్డు చేసుకోవడాన్ని 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షన్ ఒప్పుకుంటుంది కూడా.

తీగల కంటే పెద్ద చిక్కు ఇంట్లో వచ్చింది. డబ్బాలో ఒకటే ట్యూనర్. రికార్డవుతున్నంతసేపూ చానల్ మార్చడానికి లేదు. రాత్రి ఏడున్నరకి మా ఆయన వార్తలు పెట్టబోతే "మార్చొద్దు, రికార్డవుతోంది" అన్నాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో రిమోట్ గురించి ఆ స్వరంతో మాట్లాడటం అదే మొదలు. ఆయన ఏమీ అనలేదు గానీ మర్నాడు "ఆ సీరియళ్లు దాచుకుని ఏం చేస్తావ్?" అన్నారు. అన్నయ్య క్రికెట్ మ్యాచ్ దాచుకుంటే ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చివరికి రికార్డింగ్ కోసం విడిగా ఇంకో డబ్బా కొన్నాను.

ఇప్పుడు నడుస్తున్న ఒక సీరియల్‌ని వారం రోజులు వరసగా రికార్డు చేశాను. అత్త తిట్లు, కోడలి కన్నీళ్లు. ఎప్పటిలాగే కోడలు మౌనంగా ఉందనుకున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని నాలుగోసారి వింటే, ఆ అమ్మాయి మాట్లాడుతోంది! "నేను చెయ్యలేదు" అంటోంది. ఆ మాట పెదవి దాటే క్షణానికి వయొలిన్ల హోరు లేస్తుంది, కెమెరా అత్త ముఖం మీదికి మూడుసార్లు దూకుతుంది. వెంటనే ప్రకటనలు. ఆ వారంలో రెండుసార్లు ఇదే వరస.

అంటే నా వ్యాసం తప్పు. సీరియల్ కోడలి నోరు మూయించడం లేదు. మాట్లాడనిచ్చి, వినపడకుండా చేస్తోంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మొదటిది రచయిత్రి కలం దగ్గర జరిగితే రెండోది ఎడిటింగ్ బల్ల దగ్గర జరుగుతుంది. మన విమర్శ ఇన్నాళ్లూ కథల్ని చదివినట్టు సీరియళ్లని చదివి, ఆ బల్ల జోలికే పోలేదు. అన్నీ యాప్‌లలో దొరుకుతున్నాయిగా అంటారు కొందరు. దొరికినన్నాళ్లు దొరుకుతాయి. పైగా ఏడుపు తర్వాత ఏ ప్రకటన వచ్చిందో, కింద ఏ వార్త పరిగెత్తిందో వాటిలో ఉండదు.

మూడు నెలలకోసారి ఒక వారం రికార్డు చేస్తున్నాను. తేదీ, చానల్, సమయం ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ప్రతి ఫైలుకీ వేరే డిస్కులో ఇంకో కాపీ ఉంది. ఇదొక్కదాన్నే చేస్తే స్టోక్స్ ఇంటిలా అవుతుంది. తలా ఒక చానల్, తలా ఒక వారం పంచుకుంటే మోయగలిగిన బరువే.

ఆ పాఠకురాలికి ఇప్పుడు జవాబు రాశాను. ఆ ఎపిసోడ్ ఇక దొరకదు కాబట్టి ఆమెదే ఒప్పని రుజువు చెయ్యలేను. అయితే ఆమె చెవులు నా చెవులకన్నా బాగా విన్నాయని ఒప్పుకున్నాను. నెల్లూరావిడకి మాత్రం ఏం రాయాలో ఇంకా తెలియడం లేదు.