తాడు కట్టినవాడి పేరు

ఎవరెస్టు ఎక్కి వచ్చినవాళ్లకు మన ఊళ్లలో ఫ్లెక్సీలు కడతారు, బ్యాండు మేళంతో ఊరేగిస్తారు. చెయ్యాల్సిందే. కాని శిఖరం మీది ఫొటోలో పక్కన నిలబడ్డ షెర్పా పేరేమిటని ఒక్కరూ అడగరు. నా గొడవంతా అదే.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1920ల్లో తెల్లదొరలు షెర్పాలను డార్జిలింగ్‌లో కూలికి కుదుర్చుకున్నారు. 1953లో వాళ్లలోనే ఒకడైన టెన్జింగ్ నార్గే శిఖరం మీద నిలబడ్డాడు. ఆ తర్వాతిది పనితనం కథ.

నేపాల్ వైపు బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది దాటగానే ఖుంబు ఐస్‌ఫాల్. అక్కడ మంచునది విరిగి మేడలంతేసి ముక్కలై, రోజుకు మూడడుగుల దాకా కిందికి జరుగుతుంది. అలా కదిలే నేల మీద దారి వేసే షెర్పాలను ‘ఐస్‌ఫాల్ డాక్టర్లు’ అంటారు. అల్యూమినియం నిచ్చెనలను కొసలు కలిపి తాళ్లతో బిగించి పగుళ్ల మీద పరుస్తారు. మంచులోకి స్క్రూలు దించి, పక్కన పట్టుకోడానికి తాడు కడతారు. ఎండ తగిలితే స్క్రూ వదులవుతుంది, మంచు జరిగితే తాడు బిర్రబిగుస్తుంది, నిచ్చెన వంగుతుంది. అందుకే సీజన్ పొడుగునా మళ్లీ మళ్లీ వెళ్లి సరిచేస్తూనే ఉండాలి. మగ్గం ముందు నేతగాడు తెగిన పోగును పట్టుకుని ముడివేస్తాడే, ఆ ఓపికే ఇదీ. కాకపోతే ఇక్కడ మగ్గమే నేతగాడి మీద కూలొచ్చు.

ఆపైన లోత్సే పర్వతపు మంచుగోడ మీద మంచు నరికి గుడారానికి చదును చేసేదీ, మంచు కరిగించి నీళ్లు కాచేదీ, శిఖరం దాకా తాడు ముందుగా వేసేదీ వాళ్లే. మనవాడు నడుముకు కట్టిన జుమార్‌ను (తాడు మీద పైకి మాత్రమే జరిగే బిగింపు పరికరాన్ని) ఆ తాడుకు తగిలించుకుని ఎక్కుతాడు. చీకట్లో అతని ఆక్సిజన్ సిలిండర్ మార్చేది, మాస్కులో గడ్డకట్టిన మంచు దులిపేది వెనకున్న షెర్పా. ‘చాలు, ఇక దిగుదాం’ అని సమయానికి చెప్పగలగడం వీటన్నిటికన్నా పెద్ద విద్య.

వాళ్లలో మహామహులున్నారు. ఆంగ్ రీటా సీసా ఆక్సిజన్ ముట్టకుండా పదిసార్లు ఎక్కాడు. 1999లో బాబు చిరి అలాగే ఎక్కి, శిఖరం మీద 21 గంటలు గడిపాడు! కామి రీటా 2025 నాటికి 31 సార్లు ఎక్కాడు. నాకు వీళ్లందరికన్నా గెల్జే షెర్పా ఎక్కువ. 2023లో తన క్లయింటును శిఖరానికి తీసుకెళుతూ దారిలో చావుబతుకుల్లో ఉన్న మలేషియా మనిషిని చూశాడు. శిఖరం సంగతి వదిలేసి అతన్ని వీపున మోసుకుని దిగాడు. శిఖరం కిందున్న సౌత్ కోల్ క్యాంపు చేరడానికి ఆరు గంటలు పట్టింది.

ఇప్పుడు ఈ యాత్రలు నడిపే చవక బేరగాళ్లు దిగారు. క్రాంపాన్లు (బూట్లకు బిగించే ముళ్ల పట్టీలు) తొడుక్కోవడం కూడా రానివాణ్ణి డబ్బుంటే చాలని తీసుకుంటారు. అనుభవం లేని కుర్రాణ్ణి గైడని అతని పక్కన నిలబెడతారు. 2019 మేలో శిఖరం కింద కట్టిన క్యూ ఫొటో ప్రపంచమంతా చూసింది. తాడు ఉంది కదా అని ఎవరు పడితే వాళ్లు పట్టుకుంటే అది పర్వతారోహణా, రేషన్ షాపా?

ఇక షెర్పా ప్రాణానికి కట్టిన విలువ చూడండి. 2014 ఏప్రిల్ 18న ఐస్‌ఫాల్‌లో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ శ్రామికులు చనిపోయారు. వాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం మొదట ప్రకటించింది తలా 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు మండిపడ్డారు, ఆ సీజన్‌కు నేపాల్ వైపు పని ఆపేశారు. అదే ఏడాది మే 25న టిబెట్ వైపు నుంచి మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, తోటి విద్యార్థి ఆనంద్‌తో కలిసి శిఖరం చేరింది. ఆ రోజు నేనూ పొంగిపోయాను. వాళ్లకు తోడుగా నడిచిన షెర్పాల పేర్లు మాత్రం నాకూ తట్టలేదు.

వచ్చే మేలో మన జిల్లాల నుంచి ఎవరైనా ఎక్కితే, ఫ్లెక్సీలో ఇంకో పేరుకు చోటుంచండి. ఎమ్మెల్యేగారి ఫొటో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.