ఆట తెలిసిన పంతులు

బడిలో ఆట పిల్లల కోసమే అనుకుంటాం గానీ, ముందుగా అది ఆదుకునేది పంతులుగారినే. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి 45 గంటల పని చెప్పింది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులూ ఒక్కరివే. మూడో ఎక్కం ఏటా అదే మూడో ఎక్కం. దాన్నే చప్పట్లతో చెప్పిస్తూ, కావాలని ఒకచోట తప్పు చెబితే, పట్టేసిన పిల్లల కేకకు ఆయన మొహమూ విచ్చుకుంటుంది. అలసట కాస్త పక్కకు తప్పుకుంటుంది.

ఇలా చనువిస్తే తరగతి అదుపు తప్పుతుందనేవాళ్లున్నారు. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. విద్యావేత్త గిజుభాయి బధేకా రాసిన ‘పగటి కల’ పుస్తకంలోనూ మాస్టారు మొదటి రోజు ఆడించిన ఆట గోలగానే ముగిసింది. కానీ ఆ మాస్టారు బెత్తం అందుకోలేదు, కథ ఎత్తుకున్నాడు, పిల్లలు కుదురుకున్నారు. ఏ ఆట ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇక్కడి పనితనం. తనిఖీకి వచ్చే అధికారులారా, నవ్వులు వినబడే గదిని అనుమానించకండి.