శిల్పమూ, చెక్కిన చెయ్యీ

సాహిత్య విమర్శలో ‘శిల్పం’ అనే మాటను మనం చెక్కడం పనివాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నాం. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఆ వాదంలో ఉలి పట్టిన చెయ్యి మాత్రం కనబడదు. 18, 19 శతాబ్దాలలో చైనాలోని కాంటన్‌లో తయారై ఐరోపా, అమెరికాలకు ఎగుమతి అయిన గంధపు చెక్క విసనకర్రలను ఈ దృష్టితో పరిశీలించడం అవసరం.

చైనా పండితుల మడత విసనకర్రలో కాగితానిదే పెద్దపీట. దానిమీద పద్యమో చిత్రమో ఉండేది. రాసినవాడి సంతకం, ముద్ర ఉండేవి. చెక్క చట్రం దాన్ని మోసేది. ఈ ఎగుమతి విసనకర్రల్లో కాగితమే లేదు. పలచని గంధపు బద్దలన్నిటినీ అడుగున చీలతో, పైన రిబ్బనుతో కలిపారు. సన్నని రంపంతో ఒక్కొక్క బద్దనూ జల్లెడలా కోసి, ఆ అల్లికలో మండపాలూ, చెట్లూ, మనుషులూ తేలేలా చెక్కారు. అంటే చట్రమే కావ్యమయింది. అయినా కవికి దక్కిన సంతకం చెక్కినవాడికి దక్కలేదు. చాలావాటి నడుమ డాలు ఆకారంలో కొంత చోటు నునుపుగా వదిలారు. అది కొనుక్కునే దొరసాని పేరులోని అక్షరాల కోసం!

ఆ చెక్క వెనక మరికొన్ని చేతులున్నాయి. 1757 నుంచి 1842 దాకా సముద్రం మీద వచ్చే పాశ్చాత్య వర్తకులకు దాదాపు కాంటన్ ఒక్కటే తెరిచిన రేవు. వాళ్ళు అక్కడికి మోసుకొచ్చిన సరుకుల్లో మైసూరు గంధం ఉంది. 1792లో టిప్పు సుల్తాన్ రాజవృక్షంగా ప్రకటించిన చెట్టు అది. తరువాత హవాయి దీవుల అడవుల వంతు వచ్చింది. అక్కడి నాయకులు ఓడలూ పట్టుబట్టలూ అప్పుకు కొన్నారు. ఆ అప్పు తీర్చడానికి 1826లో ప్రతి మగవాడి మీదా పన్ను వేశారు: అర పికల్, అంటే సుమారు 30 కిలోల గంధపు చెక్క, లేదా నాలుగు స్పానిష్ డాలర్లు. జనం కొండలెక్కి చెట్లు నరికి వీపుల మీద మోశారు. పొలాలు బీడు పడ్డాయి. కాంటన్ చేరిన గంధంలో చాలా భాగం ధూపమైపోయింది. కొంత పెట్టెలుగా, విసనకర్రలుగా మారింది.

ఇలాంటి వస్తువు ఎదురైనప్పుడు విమర్శ రెండు తప్పులు చేస్తుంది. రూపవాది ‘ఎంత సుకుమారం’ అని మురిసిపోయి, చెక్క ఎక్కడిదని అడగడు. మనలో కొందరు ‘దొరల విలాసం’ అని ఒక్క మాటతో తోసిపారేస్తారు. రెండోది అభ్యుదయంలా వినిపిస్తుంది. కాని కొన్నవాడి వర్గాన్ని బట్టి చేసినవాడి పనికి విలువ కట్టడం, ఆ పనిని మళ్ళీ కొన్నవాడికే అప్పగించడం అవుతుంది. నూలుపోగంత పొరపాటుకు విరిగిపోయే చెక్క మీద నిలిచిన ఆ నైపుణ్యం దొరసానిది కాదు, శ్రామికుడిది.

కనుక ఆ పనిలోని అందాన్ని అంగీకరించాలి. ఆ అందానికి ఎవరు ఏం చెల్లించారో కూడా చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది విడిచిపెడితే అది సగం విమర్శే. కథకైనా కవితకైనా ఇదే కొలత. నడుమ వదిలిన ఆ నున్నని చోట చెక్కినవాడి పేరు మనం రాయలేం, అది మనకు తెలియదు. అక్కడ ఒక పేరు ఉండవలసిందని గుర్తుచేయడం మాత్రం విమర్శకుడి బాధ్యత.