ఇనుప కడ్డీ తర్వాతి బతుకు

మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో చెప్పే తొలి పాఠాల్లో ఒక మేస్త్రీ కథ తప్పకుండా వస్తుంది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ అనే ఊరి దగ్గర, రైలు దారి వేయడానికి బండలు పేలుస్తున్నారు. మేస్త్రీ పేరు ఫినియాస్ గేజ్. వయసు 25. బండకు తొలిచిన రంధ్రంలో మందు కూరి కడ్డీతో దట్టిస్తుండగా రవ్వ లేచి మందు అంటుకుంది. మూడున్నర అడుగులు దాటిన పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఆ ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద దూరి, కంటి వెనకగా వెళ్లి, నెత్తి పైభాగం నుంచి బయటపడి దూరంగా పోయి పడింది. క్వారీల్లో పనిచేసిన మనవాళ్లకు ఇలాంటి ప్రమాదం కొత్త కాదు. కొత్త ఏమిటంటే, గేజ్ చావలేదు. కాసేపటికే మాట్లాడాడు. ఎద్దుబండిలో కూర్చొని బసకు వచ్చాడు.

వైద్యం చేసిన డాక్టర్ జాన్ హార్లో ఆ సంవత్సరమే ఒక చిన్న నివేదిక రాశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1868లో, ఇంకొకటి రాశాడు. ఆ రెండోదాంట్లోనే, ప్రమాదానికి ముందు నెమ్మదస్తుడూ పనిలో నేర్పరీ అయిన గేజ్ ఆ తర్వాత నిలకడ లేనివాడిగా, నోటికి అదుపు లేనివాడిగా మారాడనీ, స్నేహితులు అతణ్ణి పాత గేజ్‌గా గుర్తించలేకపోయారనీ ఉంది. నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్ మన నడవడికకు కేంద్రం అన్న పాఠానికి ఈ నాలుగు వాక్యాలే పునాదిరాయి అయ్యాయి.

ఆంటోనియో డమాసియో రాసిన ‘డెకార్ట్స్ ఎర్రర్’ (1994) ఈ మేస్త్రీతోనే మొదలవుతుంది. మన పాఠకుల్లో ఇంగ్లీషు చదివేవాళ్లు, ముఖ్యంగా సైకాలజీ, నర్సింగ్, మెడిసిన్ చదువుతున్న పిల్లలు, ఈ పుస్తకాన్ని ఇష్టంగా చదువుతున్నారు. ఇష్టానికి కారణం ఉంది. మనసు వేరు, శరీరం వేరు అన్న డెకార్ట్ వాదాన్ని డమాసియో ప్రయోగశాల నుంచి, ఆసుపత్రి నుంచి తెచ్చిన సాక్ష్యంతో కొట్టేస్తాడు. ఉద్వేగం లేకపోతే వివేకం కూడా ఉండదంటాడు. శరీరాన్ని హీనంగా, మనసును పవిత్రంగా చూసే సంప్రదాయం కింద నలిగినవాళ్లం కనుక ఆ మాట మన చెవికి ఇంపుగా ఉంటుంది. ఇంపుగా ఉన్న మాటనే రెండుసార్లు పరీక్షించాలి.

ముందు మెచ్చుకోవలసింది చెబుదాం. పుస్తకం మూడో అధ్యాయంలో ఎలియట్ అని పేరు మార్చి చెప్పిన ఒక రోగి వస్తాడు. మెదడు పైపొర దగ్గర పెరిగిన గడ్డను ఆపరేషన్ చేసి తీశారు, దానితోపాటు దెబ్బతిన్న ఫ్రంటల్ భాగమూ కొంత పోయింది. తర్వాత అతనికి జ్ఞాపకశక్తి పరీక్షలు, తెలివి పరీక్షలు, భాషా పరీక్షలు పెట్టారు. అన్నీ బాగానే చేశాడు. కానీ ఆఫీసులో కాగితాలను ఎలా సర్దాలో తేల్చుకోవడానికి పూటంతా పట్టేది. ఉద్యోగం పోయింది, డబ్బు పోయింది, కాపురం పోయింది. తన కష్టాన్ని తానే ఎవరిదో కథలా, కంట తడి లేకుండా చెప్పేవాడు. పరీక్షకు అందే తెలివి ఒకటి, బతకడానికి పనికొచ్చే తెలివి ఇంకొకటి అని ఇంత స్పష్టంగా చూపించిన పేజీలు మేం ఎక్కువగా చదవలేదు. ఎంట్రన్సు ర్యాంకుతో మనిషిని తూచే మన దేశంలో ఈ ఒక్క అధ్యాయం కోసమైనా పుస్తకం చదవవచ్చు.

మా పేచీ మొదటి అధ్యాయంతో. ఎలియట్‌ను డమాసియో ఎదురుగా కూర్చోబెట్టుకొని చూశాడు. గేజ్‌ను చూడలేదు, చూడలేడు. అయినా గేజ్ చివరి రోజుల గురించి ఒక ఊహాచిత్రం గీస్తాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారప్రముఖుల మధ్య కాదు, ఏదో చెడ్డపేరున్న పేటలో తాగుతూ, కొట్లాడుతూ అతను కనిపించి ఉండేవాడంటాడు. ఇది తన మనసులోని బొమ్మ అని రచయితే ఒప్పుకుంటాడు, నిజమే. కానీ పాఠకుడి మనసులో మిగిలేది బొమ్మే, ఒప్పుకోలు కాదు. ఆ బొమ్మకు ఆధారం ఏమిటి? హార్లో రాతల్లో అతను తాగుబోతు అన్న మాట లేదు. దెబ్బతిన్న కూలీ తాగి తన్నుకుంటూ ఉంటాడన్న ఊహ ఏ నివేదిక నుంచి రాలేదు. అది ఎక్కడి నుంచి వస్తుందో మన పేటల్లో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆస్ట్రేలియాకు చెందిన మనోవిజ్ఞానవేత్త మాల్కమ్ మాక్‌మిలన్ ఏళ్ల తరబడి పాత కాగితాలు వెతికి 2000లో ‘ఏన్ ఆడ్ కైండ్ ఆఫ్ ఫేమ్’ అన్న పుస్తకం ప్రచురించాడు. డమాసియో పుస్తకం పక్కన దీన్ని పెట్టుకొని చదవాలి. ప్రమాదం తర్వాత గేజ్ పదకొండేళ్లకు పైగా బతికాడు. కొంతకాలం న్యూయార్క్‌లో బార్నమ్ మ్యూజియంలో తనను తానే ప్రదర్శనకు పెట్టుకున్నాడని హార్లోయే రాశాడు. తర్వాత న్యూ హాంప్‌షైర్‌లో ఒక గుర్రపుశాలలో పనిచేశాడు. 1852లో దక్షిణ అమెరికాలోని చిలీకి వెళ్లి, వాల్పరైసో - శాంటియాగో దారిలో ప్రయాణికుల బండి తోలాడు. ఆరు గుర్రాల బండి. ఇంచుమించు ఏడేళ్లు అక్కడే.

ఈ ఏడేళ్ల గురించి కాసేపు ఆలోచించాలి. ఆరు గుర్రాల పగ్గాలు రెండు చేతుల్లో విడివిడిగా పట్టుకోవాలి. తెల్లారకముందే లేచి గుర్రాలకు మేత వేయాలి, జీను కట్టాలి. తెలియని భాష మాట్లాడే జనాన్ని ఎక్కించుకోవాలి, వాళ్లతో మర్యాదగా ఉండాలి. గతుకుల దారిలో మలుపు రాకముందే మలుపును ఊహించాలి. నిలకడ లేనివాడు, ముందుచూపు లేనివాడు, నలుగురితో పొసగనివాడు ఈ పనిలో ఏడు రోజులైనా ఉండగలడా? మన జిల్లా బస్సు డ్రైవర్లను అడిగినా జవాబు చెబుతారు. హార్లో చెప్పిన మార్పు అబద్ధమని మేం అనడం లేదు. అది తొలి సంవత్సరాల సంగతి అయి ఉండాలి. మాక్‌మిలన్ అనేదీ అదే: రోజూ ఒకే వేళకు ఒకే వరసలో చేసే పని, బయటి నుంచి వచ్చే ఆ క్రమం, గేజ్‌కు పోయిన క్రమాన్ని చాలావరకు తిరిగి తెచ్చిపెట్టింది. 1859లో ఆరోగ్యం చెడి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న తల్లి దగ్గరికి వచ్చాడు. కాస్త కోలుకోగానే శాంటా క్లారాలో పొలం పనికి కుదిరాడు. 1860లో మూర్ఛలు మొదలై మే నెలలో చనిపోయాడు. చిన్న మేనల్లుళ్లకూ మేనకోడళ్లకూ తన సాహసాలంటూ కట్టుకథలు చెప్పి నవ్వించేవాడని తల్లి గుర్తు చేసుకుంది. ఇది తాగి కొట్లాడే మనిషి బొమ్మ కాదు.

ఇక భాగం సంగతి. గేజ్ చనిపోయినప్పుడు మెదడును ఎవరూ పరీక్షించలేదు. తర్వాత ఎప్పుడో సమాధి తవ్వి తీసిన పుర్రె, ఆ కడ్డీ ఇప్పటికీ బోస్టన్‌లో హార్వర్డ్ వారి వారెన్ మ్యూజియంలో ఉన్నాయి. మెదడు లేదు. 1994లో హన్నా డమాసియో బృందం పుర్రె కొలతలతో కంప్యూటర్‌లో కడ్డీ దారి గీసి, రెండు వైపుల ఫ్రంటల్ లోబ్‌లూ దెబ్బతిన్నాయని తేల్చింది. పుస్తకం ఆ నిర్ణయం మీదే నిలబడింది. 2004లో మరో బృందం పుర్రెను సీటీ స్కాన్ తీసి, ఎడమవైపు మాత్రమే దెబ్బతిందంది. 2012లో వచ్చిన ఇంకో అధ్యయనమూ ఎడమవైపే అంటూ ఒక కొత్త సంగతి చేర్చింది. కడ్డీ దారిలో పోయింది మెదడు పైపొరలో సుమారు 4 శాతమే, కానీ భాగాలను కలిపే తీగల్లాంటి తెల్ల పదార్థంలో సుమారు 11 శాతం. అంటే దెబ్బ ఒక గదికి తగిలిందా, గదుల మధ్య దారులకు తగిలిందా అన్నది ఇప్పుడు అసలు ప్రశ్న.

తొలి పాఠాల్లో పిల్లలకు ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. బోరు మోటారుకు ఫ్యూజు పోతే నీళ్లు రావు. కనుక నీళ్లు ఫ్యూజులో ఉన్నాయని ఏ రైతూ అనుకోడు. మెదడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాటే శాస్త్రంలా వినిపిస్తుంది: ఫలానా చోట దెబ్బ తగిలితే ఫలానా పని పోయింది, కనుక ఆ పని ఆ చోట ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా ‘టాన్’ అన్న ఒక్క మాట తప్ప పలకలేని రోగి మెదడును చూసి, మాటకు స్థానం ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో ఉందన్నాడు. అది గొప్ప ముందడుగే. కానీ భద్రపరచిన ఆ మెదడునే 2007లో స్కాన్ తీస్తే, దెబ్బ బ్రోకా చూసిన పైపొరను దాటి చాలా లోతుకు వెళ్లిందని తేలింది. రష్యాలో అలెగ్జాండర్ లూరియా ఈ సంగతిని రెండో ప్రపంచ యుద్ధపు గాయపడ్డ సైనికుల దగ్గర నేర్చుకున్నాడు. ఒక పని ఒక చోట ఉండదు, అనేక చోట్లు కలిసి ఒక పని చేస్తాయి, ఒక దారి మూసుకుపోతే వేరే దారిలో ఆ పని నేర్పవచ్చు అన్నాడు. అతను చూసిన ఒక సైనికుడు తాను రాసినది తానే చదువుకోవడానికి అవస్థ పడుతూ కూడా, చేతికి అలవాటైన రాతతో పాతికేళ్లు తన కథ రాసుకుంటూ పోయాడు. డమాసియో కూడా ఒక్క భాగానికి ఒక్క పని అనే రచయిత కాదు. వ్యవస్థల గురించే మాట్లాడతాడు. కానీ గేజ్ అధ్యాయం చదివి పుస్తకం మూసేసే పాఠకుడికి ఆ జాగ్రత్త అందదు.

గేజ్‌ను ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకోవడం డమాసియోతో మొదలు కాలేదు. 1850లో హార్వర్డ్ డాక్టర్ హెన్రీ బిగెలో గేజ్ బాగా కోలుకున్నాడని రాశాడు. మెదడులో పనుల విభజన ఉందన్న వాదం ఆయనకు గిట్టదు. పుర్రె ఎగుడుదిగుళ్లు తడిమి గుణాలు చెప్పే ఫ్రెనాలజీ వాళ్లేమో, కడ్డీ సరిగ్గా దయాగుణం ఉండేచోటి మీదుగా వెళ్లిందని సంబరపడ్డారు. 1878లో లండన్‌లో డేవిడ్ ఫెరియర్ అదే గేజ్‌ను ఫ్రంటల్ లోబ్‌కు సాక్షిగా నిలబెట్టాడు. నలుగురు పండితులు నాలుగు రకాలుగా చెప్పారు. మేస్త్రీని మాత్రం ఎవరూ చివరిదాకా అనుసరించలేదు.

కొలతలను ఇలా అడ్డదిడ్డంగా వాడితే ఏమవుతుందో మనకు ఇంకో చోట తెలుసు. బ్రోకా పుర్రెలు కొలిచి, మెదళ్లు తూచి మనుషులకు మెట్లు కట్టినవాడు కూడా. అదే సంప్రదాయం నుంచి వచ్చిన ముక్కు కొలతను హెర్బర్ట్ రిజ్లీ 1891లో బెంగాల్ కులాల మీద ప్రయోగించి, కులానికి జాతి పునాది కట్టాడు. 1948లో ‘ది అన్‌టచబుల్స్’లో బాబాసాహెబ్ ఆ కొలతలను తిట్టి అవతల పారేయలేదు. కొలతల పట్టికలనే ముందు పెట్టుకొని, అవి నిజంగా ఏం చెబుతున్నాయో చదివాడు. బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులన్న మాటను ఆ కొలతలే కొట్టేస్తున్నాయని చూపించాడు. మెదడు స్కాన్‌ను చదవడానికీ మనకు ఆ ఓపికే కావాలి.

ఓపిక అవసరం మన వైపూ ఉంది. ఈ మధ్య మన సభల్లో ఒక వాదం వినిపిస్తోంది: కడ్డీ దూరితే గేజ్ గేజ్ కాకుండా పోయాడు కదా, కనుక ఆత్మ లేదని సైన్సే నిరూపించింది, బుద్ధుడు చెప్పిందీ ఇదే అని. చప్పట్లు పడతాయి. కానీ గేజ్ గేజ్ కాకుండా పోయాడనాలంటే ముందు మారని అసలు గేజ్ ఒకడు ఉండాలి. అనాత్మ చెప్పేది అలాంటివాడు ఎవరికీ ఎప్పుడూ లేడని. దెబ్బ తగిలినవాడికే కాదు, తగలనివాడికి కూడా. ఆత్మను గుండెలోంచి తీసి ఫ్రంటల్ లోబ్‌లో పెడితే చిరునామా మారుతుంది, అంతే. గేజ్ కథలో మనం చూడవలసింది ఏదైనా ఉంటే అది చిలీ దారిలో ఉంది. గుర్రాలు, పగ్గాలు, రోజువారీ వేళలు, కూలి ఇచ్చే యజమాని, తర్వాత ఇంట్లో తల్లి. ఇన్ని కారణాలు కూడితే అతని నడవడిక అలా నిలబడింది.

ఇవాళ మన ఊళ్లలో బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే కుర్రవాళ్లు తక్కువేం కాదు. మూడో నెలలో అతను అరిచిన అరుపును పట్టుకొని ‘మనిషి మారిపోయాడు, ఇక ఇంతే’ అని చుట్టాలు తీర్పు చెబుతారు. తొలి పాఠం చదివిన నర్సమ్మ కూడా స్కాన్‌లో ఫ్రంటల్ అన్న మాట చూసి తల ఊపితే ఆ తీర్పు ఖాయమవుతుంది. అలాంటి ఇంటికి గేజ్ కథ సగం చెప్పడం కంటే చెప్పకపోవడమే మేలు. మొత్తం చెబితే, కుర్రవాడికి రోజూ ఒకే వేళకు చేసే చిన్న పని ఏదైనా అప్పజెప్పాలన్న ఆలోచన అయినా ఇంటివాళ్లకు వస్తుంది. అందరూ గేజ్‌లా కోలుకోరు, దెబ్బను బట్టి ఉంటుంది. కానీ మూడో నెల చూసి పదేళ్లకు తీర్పు చెప్పకూడదు.

కాబట్టి ‘డెకార్ట్స్ ఎర్రర్’ చదవండి. మూడో అధ్యాయంతో మొదలుపెట్టండి. మొదటి అధ్యాయానికి వచ్చినప్పుడు మాక్‌మిలన్ పుస్తకాన్ని పక్కన ఉంచుకోండి. అది లావు పుస్తకం, కొన్నిచోట్ల కోర్టు రికార్డులా సాగుతుంది, కానీ చిలీ గురించిన పేజీలు విసుగు పుట్టించవు. 2009లో వెలుగులోకి వచ్చిన గేజ్ ఫోటో ఒకటి ఉంది, అది కూడా వెతికి చూడండి. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంటుంది. మంచి కోటు వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, ఆ కడ్డీని నిటారుగా చేత పట్టుకొని సూటిగా చూస్తున్నాడు.