లెక్కల కీర్తన

నా చిన్నతనంలో పటమటలో తెల్లవారిందంటే భక్తిరంజని వినబడేది. విజయవాడ రేడియోలో బాలమురళీకృష్ణ గారు రామదాసు కీర్తన ఎత్తుకుంటే మా అమ్మ ముగ్గుబుట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేది. అవి చెరసాల పాటలని అప్పట్లో నాకు తెలియదు.

ఖైదీలకు పాట నేర్పుతూ ఓ అమ్మాయి రాసుకున్న ఈ పుస్తకం చదివాక ఆ కీర్తనల్ని మళ్లీ విన్నాను.

పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్నే ఈ రామదాసు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని సుల్తాను తానీషా అతణ్ణి గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్లని జనం చెప్పుకుంటారు. 'ఇక్ష్వాకు కులతిలకా' కీర్తన చూడండి. లెక్క తేలక చెరలో పడ్డ మనిషి ఆ లెక్కే పాడాడు. ఏ నగకు ఎంతయిందో ఏకరువు పెట్టి రాముణ్ణే నిలదీశాడు. ఆ తరవాతే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని మన్నింపు వేడుకున్నాడు. కోపం ముందు, మన్నింపు తరవాత. ఈ వరస తారుమారైతే పాట అబద్ధమైపోతుంది.

పుస్తకం బలమంతా ఈ వరస పాటించడంలోనే ఉంది. ఖైదీ చేత మొదటిరోజే పశ్చాత్తాపం పాడించాలని తొందరపడే పెద్దమనుషులు చాలామంది. ఈమె తొందరపడలేదు. ముందు వాళ్ల ఊళ్ల చెక్కభజనలు, నాట్ల పాటలు అడిగి పాడించుకుంది. వాయిద్యాలు లేనిచోట చప్పట్లే తాళం. వంత పాడాలంటే పక్కవాడి ఊపిరి వినాలి, ఎక్కడ అందుకోవాలో కనిపెట్టాలి. ఎవర్నీ నమ్మని మనిషి ఒక్క చరణంసేపైనా పక్కవాణ్ణి నమ్ముతాడు. ఈ వంత పాటల అధ్యాయం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి 1922లో జైలుకెళ్లిన గరిమెళ్ల సత్యనారాయణ గారిని ఒక్క పేరాతో సరిపెట్టింది. సబబే. అక్కడ పాటే నేరం. ఆ కథ వేరు.

నాదొక్కటే కోరిక. మన జైళ్లలో ఆరేళ్లలోపు బిడ్డల్ని తల్లుల దగ్గర ఉండనిస్తారు. రాజమండ్రిలో ఆడవాళ్లకు వేరే జైలుంది. బిడ్డ ఉన్నచోట జోలపాట ఉండి తీరుతుంది. అమ్మాయ్, మలిముద్రణ నాటికి అక్కడికీ వెళ్లి ఆ పాటలు విని రా. నేనుంటే ఆ అధ్యాయం నా చేతే మొదట చదివించు.

ఆశీస్సులతో,
పటమట, విజయవాడ