గంజాయి – మెదడు : మూడు అభిప్రాయముల విమర్శ

ఖమ్మమునుండి వరంగల్లునకు పోవు జాతీయ రహదారిపై మరిపెడ ఉన్నది. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో పండు గంజాయి భద్రాచలము, ఖమ్మముల మీదుగా దూరప్రాంతములకు తరలుట, దారిలో పట్టుబడుట ఈ వైపువారికి క్రొత్త సంగతి కాదు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. ఇట్టి వార్తలలో కిలోల లెక్క ఉండును; రూపాయల లెక్క ఉండును. అది త్రాగినవాని మెదడులో ఏమి జరుగునో మాత్రము ఉండదు. ఆ ఖాళీని ఊరిమాటలు పూరించుచున్నవి.

ఆ మాటలు ముఖ్యముగా మూడు. గంజాయి త్రాగినవానికి పిచ్చి పట్టుననునది మొదటిది. అది వట్టి ఆకు, దానివలన కీడు లేదనునది రెండవది. త్రాగినవాని బుద్ధి శాశ్వతముగా మొద్దుబారుననునది మూడవది. మొదటిదియు మూడవదియు బడిలో జరుగు ప్రసంగములలో వినబడును. రెండవది బడి బయట, స్నేహితుల మధ్య వినబడును. ఈ మూడింటికిని ఎంతెంత సాక్ష్యము కలదో తూచి చూడవలసియున్నది.

మెదడులో జరుగునది

గంజాయిలో మత్తు కలిగించు ముఖ్య పదార్థము టెట్రాహైడ్రోకెన్నబినాల్; క్లుప్తముగా టి.హెచ్.సి. ఇజ్రాయెలు దేశపు శాస్త్రజ్ఞులు గావొని, మెషూలం 1964లో దీనిని శుద్ధరూపమున వేరుచేసి, నిర్మాణమును తెలిపిరి. మెదడులోని నాడీకణములపై ఈ పదార్థమును పట్టుకొను గ్రాహకములు కలవని 1988లో తేలినది. ఒక మొక్కలోని పదార్థము కొరకు మెదడు గ్రాహకములను సిద్ధపరచుకొని ఉండదు గదా! కనుక శరీరమే ఇట్టి పదార్థమును తయారు చేయుచుండవలెనని తలచి వెదకగా, 1992లో అది దొరకినది. దానికి సంస్కృతములోని 'ఆనంద' శబ్దమునుండి 'ఆనందమైడ్' అని పేరు పెట్టిరి.

శరీరములోని ఈ పదార్థము అవసరమైన చోట, అవసరమైనంత మాత్రమే పుట్టి, త్వరలో నశించును. ఒక నాడీకణము తనకు వచ్చు సంకేతములు మితిమీరినపుడు, వానిని పంపు కణమునకు 'ఇక చాలు' అని వెనుకకు తెలుపుటకు ఇట్టి పదార్థములు సాధనములు. టి.హెచ్.సి. అట్లు కాదు. అది మెదడంతట వ్యాపించి, గంటల తరబడి ఆ గ్రాహకములను అంటిపెట్టుకొని యుండును. జ్ఞాపకమునకు ఆధారమగు హిప్పోకాంపస్‌లోను, కదలికలను సరిదిద్దు అనుమస్తిష్కములోను, ఆలోచనకు, నిగ్రహమునకు స్థానమగు ముందుభాగములోను ఈ గ్రాహకములు విస్తారముగా ఉన్నవి. అందువలననే మత్తులో నున్నవానికి క్రొత్త విషయము మనసున నిలువదు. కాలము సాగదీసినట్లు తోచును. వాహనము నడుపునపుడు చేయి, చూపు కలియవు.

ప్రతిదినము త్రాగువారి మెదడులో ఈ గ్రాహకముల సంఖ్య తగ్గును. 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, సుమారు నాలుగు వారములు మానిన పిమ్మట అవి తిరిగి పెరిగినట్లు కనబడినది. మానిన మొదటి వారములో చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించుట కలుగుటకు ఈ మార్పు ఒక కారణము.

మొదటి మాట : పిచ్చి

ఈ మాటను శ్రద్ధతో పరీక్షించిన తొలి ప్రయత్నము ఈ దేశములోనే జరిగినది. 1893లో ప్రభుత్వము నియమించిన గంజాయి విచారణ సంఘము 1,193 మంది సాక్షులను విచారించినది. 1892లో పిచ్చాసుపత్రులలో చేరినవారు 1,344 మంది కాగా, వారిలో 222 మందికి గంజాయి మొదలగునవే కారణమని రికార్డులు చెప్పుచుండెను. సంఘమువారు ఒక్కొక్క కేసును తిరిగి విచారింపగా 98 మాత్రమే నిలిచినవి. రోగిని తెచ్చిన పోలీసులు 'కారణము' అను గడిలో తోచినది వ్రాయగా, ఆసుపత్రివారు దానినే ఎత్తి వ్రాసికొనిరి. తరువాత అదియే గణాంకమైనది! అంకెను నమ్ముటకు ముందు దానిని ఎవరు, ఎట్లు వ్రాసిరని అడుగవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

అయితే 98 సున్న కాదు. స్వీడనులో 1969–70లో సైన్యములో చేరవచ్చిన 45,570 మంది యువకులను పదునైదేండ్లు గమనింపగా, అప్పటికే 50 సార్లకు మించి గంజాయి త్రాగినవారిలో స్కిజోఫ్రీనియా ఇతరులకంటె ఆరు రెట్లు కనబడినది. కుటుంబ పరిస్థితులు మొదలగు ఇతర కారణములను లెక్కలోనికి తీసికొనగా ఆ తేడా తగ్గినది గాని మాయము కాలేదు. 2019లో ఐరోపా, బ్రెజిలులలోని 11 స్థలములనుండి వచ్చిన పరిశోధనలో ప్రతిదినము త్రాగువారికి మనోవైకల్యపు అవకాశము సుమారు మూడు రెట్లు, టి.హెచ్.సి. అధికముగా నున్న రకమును ప్రతిదినము త్రాగువారికి సుమారు అయిదు రెట్లు. మానసిక రోగపు ఛాయలున్నవారే గంజాయి వైపు మొగ్గుట కూడ కొంత కలదు. దీనినంతటిని కలిపి చూడగా, త్రాగిన ప్రతివానికి పిచ్చి పట్టుననుట అబద్ధము. వంశమున అట్టి రోగమున్న పిల్లవానికి, చిన్నతనముననే మొదలుపెట్టి దినదినము త్రాగువానికి అపాయము హెచ్చుననుట నిజము.

రెండవ మాట : వట్టి ఆకు

ఈ మాట రెండు వస్తువులను ఒకటిగా చేయుచున్నది. భంగు ఆకుతో చేయబడునది. గంజాయి ఆడమొక్క పూగుత్తి, టి.హెచ్.సి. గల జిగురు అందే దట్టముగా ఉండును. 1985 నాటి మత్తుపదార్థముల చట్టము సైతము పూత, కాయ గల కొనలనే గంజాయి అని నిర్వచించి, కొనలు లేని ఆకును విడిచిపెట్టినది. పూర్వులు త్రాగలేదా అను వాదము కూడ నిలువదు. అమెరికాలో పట్టుబడిన సరుకులో టి.హెచ్.సి. 1995లో నూటికి సుమారు 4 పాళ్లుండగా 2014 నాటికి 12 పాళ్లయినది. పేరు అదే, సరుకు అదే కాదు. పైగా ఇక్కడ గంజాయిని పొగాకుతో కలిపి త్రాగుట వాడుక. కనుక ఒకదానితో రెండవ అలవాటు కూడ చేరుచున్నది.

మూడవ మాట : మొద్దుబారిన బుద్ధి

న్యూజీలాండులోని డునెడిన్ నగరమున 1972–73లో పుట్టిన 1,037 మందిని పుట్టుకనుండి పరిశీలించుచున్నారు. 13వ ఏట, 38వ ఏట వారి ప్రజ్ఞాలబ్ధిని కొలువగా, బాల్యముననే గంజాయికి అలవడి, దీర్ఘకాలము దానికి బానిసలైనవారిలో అది సుమారు 8 పాయింట్లు తగ్గినట్లు 2012లో ప్రకటించిరి. ఈ అంకెయే ప్రసంగములలో వినబడుచుండును. కాని మరుసటి సంవత్సరమే ఒక విమర్శకుడు, పేదరికము, చదువు మధ్యలో ఆగిపోవుట వంటి కారణములు కూడ ఇట్టి తగ్గుదలను కలిగింపవచ్చునని వాదించెను. 2016లో అమెరికాలోని కవలలను పోల్చగా, త్రాగిన కవలకును త్రాగని కవలకును ప్రజ్ఞాలబ్ధిలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2018లో 69 పరిశోధనలను కలిపి చూడగా యువకులలో నష్టము స్వల్పమనియు, 72 గంటలకు మించి మానినవారిలో అది ఇంకను తగ్గుననియు తేలినది. డునెడిన్ వారిని 45వ ఏట తిరిగి పరీక్షింపగా దీర్ఘకాలము త్రాగినవారిలో 5.5 పాయింట్ల తగ్గుదల కనబడినట్లు 2022లో ప్రకటించిరి. కావున చాలమందిలో నష్టము కొంత, మానినచో చాలవరకు తిరిగివచ్చునది; బాల్యమునుండి దశాబ్దముల తరబడి త్రాగినవారి విషయమున భయమునకు ఆధారము కలదు, వాదము ముగియలేదు.

అయినను విద్యార్థికి ప్రజ్ఞాలబ్ధి పాయింట్లకంటె దగ్గరి నష్టము ఒకటి కలదు. వారమున నాలుగుదినములు మత్తులో, మిగిలిన దినములు దాని మిగులులో గడుపువాడు ఆ దినముల పాఠము నేర్చుకొనడు. మెదడు నెలలో కోలుకొనవచ్చును. పోయిన తొమ్మిదవ తరగతి గణితము దానంతట అది తిరిగిరాదు.

అతిశయోక్తి చేయు కీడు

మెదడు ముందుభాగపు నిర్మాణము ఇరువదియైదవ ఏటి ప్రాంతము వరకు సాగుచుండును. వయస్సు, ఎన్ని దినములకొకసారి, ఎంత ఘాటు అను మూడు ప్రశ్నలను విడిచి గంజాయిని గురించి చెప్పిన మాట ఏదైనను సగము మాటయే. ఒక్కసారి పీల్చినంతనే పిచ్చి అని చెప్పబడిన విద్యార్థి, పీల్చి కూడ మామూలుగా తిరుగుచున్న స్నేహితుని చూచును. నాటితో ఉపాధ్యాయుని మాటపై నమ్మకము పోవును. పదునాలుగేండ్లవాడు దినదినము త్రాగినచో కలుగు నిజమైన కీడును గురించి చెప్పినను అతడు వినడు. అబద్ధపు భయము నిజమైన హెచ్చరికను కూడ చెడగొట్టును.

అలవాటు పడిన పిల్లవాడు నేరస్థుడని మాత్రమే తలచుటయు పొరపాటే. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై చికిత్సకు పూనుకొనినచో శిక్షా విచారణనుండి రక్షణ పొందుటకు పై చట్టములోని 64-ఎ విభాగము వీలు కల్పించుచున్నది. చికిత్సకు దారి చూపుటకు 14446 అను జాతీయ సహాయ టెలిఫోను కలదు. తరగతిలో మూడు ఊరిమాటలను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్కదానికి సాక్ష్యమేమని విద్యార్థులనే అడుగుట ఉపాధ్యాయునికి సాధ్యమైన పని. దానివలన గంజాయిని గురించి మాత్రమేగాక, ఒక అంకెను ఎట్లు నమ్మవలెనో కూడ వారికి తెలియును.