గుర్రం ఆవిడది, పేరు ఆయనది

మన కథల్లో గుర్రం ఎప్పుడూ మగవాడి చేతిలోనే ఉంటుంది. రెక్కల గుర్రమైతే రాజకుమారుడు ఎక్కుతాడు, బక్క గుర్రమైతే జట్కావాడు తోలుతాడు. రాజకుమారి వెనక కూర్చుంటుంది. కొత్త కోడలు జట్కాలో ట్రంకుపెట్టెల మధ్య ఒదిగి కూర్చుంటుంది. రుద్రమదేవినీ, ఝాన్సీ లక్ష్మీబాయినీ మినహాయించండి. వాళ్ళు విగ్రహాలైపోయారు కనక ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంగ్లండులో సంగతి వేరు. ఆడపిల్లనీ గుర్రాన్నీ కలిపి రాసిన నవలలు అక్కడ ఒక బీరువా నిండా ఉన్నాయి. పది పన్నెండేళ్ళ పిల్లలు దుప్పట్లో దూరి చదువుకుంటారు. వాళ్ళలో కొందరు పెద్దయ్యాక నిజంగానే గుర్రపుశాలల్లో ఉద్యోగాలకి చేరతారు. ఈమధ్య ఆ బీరువాలోంచి కొన్ని తీసి వరసగా చదివాను. చదువుతున్నంతసేపూ కథ కంటే నన్ను ఎక్కువ లాగింది ఇంకోటి. పని చేసేదెవరు, కాగితం మీద పేరు ఎవరిది?

ఆ బీరువాలో పై అరలో ఉండేది 'బ్లాక్ బ్యూటీ'. 1877లో వచ్చింది. రాసినావిడ ఆనా సెవెల్. పధ్నాలుగో ఏట జారిపడి కాళ్ళు దెబ్బతిన్నాయి. తరవాత బతుకంతా నడక కష్టమే. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపుబండే దిక్కు. గుర్రం తన కథ తానే చెప్పుకున్నట్టు రాసిన ఈ పుస్తకం మొదటి అచ్చులో రచయిత్రి అని వేసుకోలేదావిడ. గుర్రపు భాషలోంచి అనువదించినది ఆనా సెవెల్ అని వేసుకుంది! చమత్కారానికే అనుకోండి. అయినా నాకు నవ్వుతోపాటు మరొకటి కూడా తోచింది. ఆడది మాట్లాడితే వినని లోకం గుర్రం మాట్లాడితే వింటుందని ఆవిడకి తెలుసు. నిజంగానే విన్నది. షోకు కోసం గుర్రం తల దించకుండా వెనక్కి బిగించి కట్టే పగ్గం మీద జనానికి రోత పుట్టించిన పుస్తకమిది. కాని అచ్చయిన కొద్ది నెలలకే, 1878లో, ఆవిడ పోయింది.

అందులో జింజర్ అనే ఆడగుర్రం ఉంది. కరుస్తుంది, తంతుంది, 'పొగరుబోతు' అని పేరు. చిన్నప్పటినుంచీ దాన్ని ఎలా లొంగదీశారో అది చెప్పుకొచ్చే భాగం చదివితే, మనలో చాలామందికి ఎవరో ఒక పిన్నిగారో వదినగారో గుర్తుకు రాక మానరు. బ్లాక్ బ్యూటీ మంచివాడు, బుద్ధిమంతుడు, చివరికి సుఖపడతాడు. జింజర్ బండి మీద శవమై వెళ్ళిపోతుంది. పిల్లల పుస్తకమంటారు గాని, పిల్లలకి చదివి వినిపించే తల్లి గొంతు అక్కడ నిలవడం కష్టం.

ఇక 'నేషనల్ వెల్వెట్'. ఎనిడ్ బాగ్నోల్డ్ రాసింది, 1935లో. సినిమాగా చూసినవాళ్ళకి పన్నెండేళ్ళ ఎలిజబెత్ టేలర్ కళ్ళు గుర్తుంటాయి. నవల సినిమా కంటే గరుకుగా ఉంటుంది, అందుకే నాకు ఎక్కువ ఇష్టం. వెల్వెట్ అందగత్తె కాదు. కసాయి దుకాణం నడిపే ఇంటిపిల్ల, పధ్నాలుగేళ్ళది, పీలగా ఉంటుంది, పళ్ళకి తీగ. పత్రికల్లోంచి కత్తిరించిన కాగితం గుర్రాలని పెట్టెలో దాచుకుని, వాటికి దారంతో కళ్ళేలు కట్టి ఆడుకుంటుంది. అలాంటి పిల్లకి లాటరీలో ఒక నిజం గుర్రం తగులుతుంది. గోడలు దూకే పెంకి గుర్రం. దానితో గ్రాండ్ నేషనల్‌లో దిగాలని పిల్ల పట్టుదల. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో ఏటా జరిగే పందెం అది. నాలుగు మైళ్ళ పైచిలుకు పరుగు, ముప్ఫై కంచెలు దూకాలి. రౌతులు ఎముకలు విరగ్గొట్టుకునే చోటు. ఆడవాళ్ళకి అందులో ప్రవేశం లేదు. వెల్వెట్ జుట్టు కత్తిరించుకుని, ఒక విదేశీ రౌతు పేరుమీద ఉన్న కాగితాలతో దిగుతుంది. గెలుస్తుంది. ఆడపిల్లని బయటపడుతుంది. గెలుపు పోతుంది.

ఈ నవలకి ప్రాణం వెల్వెట్ కాదు, వాళ్ళమ్మ. భారీ మనిషి. మాట తక్కువ. వంటింట్లోనూ కొట్లోనూ చాకిరీ చేస్తూ కనిపించే ఆవిడ పెళ్ళికి ముందు ఇంగ్లీషు ఛానెల్ ఈదిన మనిషి! ఆ సంగతి ఇంట్లో ఎవరూ రోజూ తలుచుకోరు. నిజం లోకంలో ఛానెల్ ఈదిన మొదటి స్త్రీ గెర్ట్రూడ్ ఎడెర్లీ, 1926లో. అంటే నవల్లో తల్లి ఆవిడకంటే ఏళ్ళ ముందే ఈదేసిందన్నమాట. తల్లి విషయంలోనూ కూతురి విషయంలోనూ కూడా బాగ్నోల్డ్ చరిత్ర కంటే ముందు నడిచింది. కూతురు పిచ్చి కోరిక కోరితే ఆ తల్లి 'ఆడపిల్లవి, నీకెందుకే' అనదు. పరుగెత్తే పిల్లకి తల్లి ఇవ్వగలిగింది ఏమిటో అంత క్లుప్తంగా చూపించిన నవలలు నేను ఎక్కువ చదవలేదు.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. గెలుపు చేజారాక ఆ పిల్లకి రావలసినంత కోపం రాదు. రచయిత్రి ఆ కోపాన్ని పత్రికలవాళ్ళ హడావిడిలో కలిపేసి తప్పించుకుంది. మగవాడి పేరుతోనే ఎందుకు దిగాలి అని ఎవరైనా గట్టిగా అడిగితే బాగుండును. మన రుద్రమదేవి అంతటావిడ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనిపించుకోవలసి వచ్చింది, నిజమే. కాని ఆవిడది పదమూడో శతాబ్దం.

అదంతా కథ కదా అనకండి. నవల వచ్చిన రెండేళ్ళకి, 1937లో, ఎప్సమ్ డెర్బీలో ఏమయిందో చూడండి. మొదట వచ్చిన మిడ్-డే సన్ ఒక స్త్రీ గుర్రం. డెర్బీ గెలిచిన గుర్రానికి ఆడమనిషి యజమాని కావడం అదే మొదలు. రెండోది శాండ్‌స్ప్రైట్, నూటికి ఒకటి ధరలో ఎవరూ లెక్కచెయ్యని గుర్రం. అదీ ఒక స్త్రీదే, ఫ్లోరెన్స్ నేగిల్‌ది. గుర్రం కొనడానికి ఆడవాళ్ళకి అభ్యంతరం లేదు. డబ్బు ఎవరిదైనా డబ్బే కదూ! ట్రెయినర్‌గా లైసెన్సు మాత్రం ఇవ్వరు. జాకీ క్లబ్బు పెద్దల నియమం అది.

ట్రెయినరు పనేమిటో కాస్త చెప్పాలి. ఏ గుర్రానికి ఎంత దాణా, ఏ రోజు ఎంత పరుగు, ఏ కాలు వేడిగా ఉంది, ఏ పందేనికి పంపాలి, ఏ రౌతుని ఎక్కించాలి, ఇవన్నీ చూసే మనిషి. సంసారం నడిపే పనే, కాకపోతే జీతం ఉంటుంది. ఆ పని నేగిల్ ఏళ్ళ తరబడి చేసింది. లైసెన్సు మాత్రం ఆవిడ దగ్గర పనిచేసే హెడ్ ల్యాడ్ పేరు మీద. అంటే పనివాళ్ళకి మేస్త్రీ లాంటివాడు. గుర్రం గెలిస్తే పత్రికలో ట్రెయినరు అని అతని పేరు పడుతుంది. నోరా విల్మట్ అనే ఆవిడదీ ఇదే కథ. చివరికి నేగిల్ కోర్టుకెక్కింది. 1966లో అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగూ తోటి న్యాయమూర్తులూ ఆవిడ వాదన వినదగినదే అన్నారు. క్లబ్బు రాజీకొచ్చి లైసెన్సు ఇచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి!

రౌతుల సంగతి ఇంకా ఆలస్యం. 1975లో స్త్రీ పురుష వివక్ష కూడదని చట్టం వచ్చాకగాని కంచెలు దూకే పందేల తలుపు తెరుచుకోలేదు. 1977లో షార్లట్ బ్రూ గ్రాండ్ నేషనల్‌లో దిగిన మొదటి స్త్రీ. ఇరవై ఏడో కంచె దగ్గర గుర్రం మొండికేసింది. 1982లో జెరాల్డిన్ రీస్ చివరిదాకా వచ్చింది, ఎనిమిదో స్థానంలో, అందరికంటే ఆఖరున. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ మీద గెలిచింది. కరోనా రోజులు, స్టాండుల్లో జనం లేరు. వెల్వెట్ గెలిచిన ఎనభై ఆరేళ్ళకి ఆ గెలుపు ఒక స్త్రీ పేరున నిలిచింది.

నవలలు చదివి ఆ శాలల్లో పనికి చేరే అమ్మాయిలకి మొదట దొరికేది జీను కాదు, పార. తెల్లవారకముందే లేచి పేడ ఎత్తాలి, నీళ్ళు మార్చాలి, మాలీసు చెయ్యాలి, మూడు నాలుగు గుర్రాలని ఒక్కర్తే చూసుకోవాలి, చలిలో వాటిని పరుగుకి తీసుకెళ్ళాలి. మన మలక్‌పేట రేసుకోర్సు గోడ అవతల కూడా పని మొదలయ్యేది తెల్లారుజామునే. మనం బస్సులోంచి గోడ చూసి 'రేసులు, కొంపలు కూల్చేవి' అనుకుని వెళ్ళిపోతాం. అంతమంది ఆడపిల్లలు చేరాక కూడా ఆ దేశపు శాలల్లో పనివాళ్ళని ల్యాడ్స్ అనడమే వాడుకైంది. అంటే కుర్రాళ్ళని!

ఈ చాకిరీని నవల్లోకి నిజాయితీగా తెచ్చినవాడు డిక్ ఫ్రాన్సిస్. ఒకప్పుడు ఛాంపియన్ రౌతు. 1956లో రాజమాత గుర్రం డెవన్ లాక్ మీద గ్రాండ్ నేషనల్ గెలవబోతూండగా, గమ్యానికి యాభై గజాల లోపున ఆ గుర్రం ఉన్నట్టుండి పొట్టమీద కూలబడింది. మరుసటి ఏడు స్వారీ మానేశాడు. 1962 నుంచి నలభైకి పైగా నవలలొచ్చాయి. 1965లో వచ్చిన 'ఫర్ కిక్స్' చదవండి. ఆస్ట్రేలియాలో సొంత గుర్రాల క్షేత్రం ఉన్నవాడు ఒక మోసం కనిపెట్టడానికి ఇంగ్లండులో పనివాడి వేషంలో చేరతాడు. నేరపరిశోధన నాకు అంతగా పట్టలేదు గాని, పాత బట్టలు వేసుకోగానే లోకం అతన్ని మనిషిగా చూడడం మానేసే తీరు ఉందే, అది గొప్ప పరిశీలన.

ఆ పరిశీలన ఎవరిది? ఆయన భార్య మేరీ ఇంగ్లీషు, ఫ్రెంచి సాహిత్యాలు చదివిన పట్టభద్రురాలు. ఆయనది తక్కువ చదువు. ఒక నవలకి విమానం సంగతులు కావలసివస్తే ఆవిడ విమానం నడపడం నేర్చుకుంది. ఇంకో నవలకి ఫోటోగ్రఫీ నేర్చుకుంది. విమానాల గురించి సొంత పేరుతో ఒక పుస్తకమూ రాసింది. 1999లో ఒక జీవితచరిత్రకారుడు ఆ నవలలు చాలావరకు మేరీయే రాసిందని అచ్చువేశాడు. భార్య సాయం గురించి డిక్ ఎప్పుడూ దాచలేదు. అట్టమీద మాత్రం ఆయన పేరొక్కటే. 2000లో మేరీ పోయింది. ఏటా వచ్చే నవల ఆగిపోయింది. 2006లో మళ్ళీ ఒకటొచ్చింది, తరవాతివి కొడుకుతో కలిసి. లెక్క మీరే వేసుకోండి. నా మటుకు నాకు ఆ దంపతులిద్దరి మీదా కోపం లేదు. వంటింట్లో ఎవరు ఎసరు పెట్టారో, ఎవరు గంజి వార్చారో బయటివాళ్ళు తేల్చలేరు. మన బీనాదేవి పేరు వెనక నరసింగరావుగారూ త్రిపురసుందరమ్మగారూ ఇద్దరూ ఉన్నారు, ఎవరిది ఏ వాక్యమని అడగం. ఇద్దరికీ చెందే ఒక కొత్త పేరు పెట్టుకున్నారు, అదీ తేడా. ఆమాటకొస్తే ఆ రోజుల్లో మన వారపత్రికల్లో మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పేరుకి మార్కెట్టు ఉంటే ఎవరైనా సరే అవతలివాళ్ళ జుట్టు, చీర అరువు తెచ్చుకుంటారు!

జెన్నీ పిట్‌మన్ ఉంది, పదిహేనో ఏట బడి మానేసి శాలలో చేరిన పిల్ల. 1983లో ఆవిడ తయారుచేసిన కోర్బియర్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. ట్రెయినరుగా ఒక స్త్రీ పేరు ఆ పందెం చరిత్రలోకి ఎక్కడం అదే మొదలు. తరవాత ఆవిడ కూడా పందేల మీద నవలలు తెచ్చింది, తన పేరుతోనే.

నాకు చదవాలని ఉన్న నవల వేరే. అందులో రౌతూ ఉండడు, గెలుపూ పెద్ద విశేషం కాదు. ఆ హెడ్ ల్యాడ్ ఉంటాడు. అమ్మగారు తయారుచేసిన గుర్రం గెలిచింది. అందరూ అతని చెయ్యి పట్టుకుని ఊపారు. సాయంత్రం పత్రికలో తన పేరు చూసుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని అతను ఇంటికి వెళ్ళాడు. భార్య అన్నం వడ్డిస్తూ 'ఏమిటి విశేషం' అని అడిగింది. అతనేం చెప్పి ఉంటాడు?